కళ్ళు తెరవకముందు కోసిన ముఖం

ముప్పై ఒకటో ఏట నేను పని నుంచి రిటైర్ అయ్యాను. ఈ మాట వింటే ఎవరైనా నవ్వుతారు. దేవస్థానం ఆఫీసులో గుమాస్తాగా చేసి దిగిన మా నాయన మాత్రం నవ్వడు. "మా ఇంట్లో ఇద్దరు రిటైర్డు మనుషులుండారు, ఎవురికి తోడు కావాలన్నా వస్తాం" అని వీధిలో చెబుతుంటాడు.

నేను చేసిన పని తడి సున్నం మీద బొమ్మలు వేయడం. గోడకు సున్నపు పూత పూసి, అది ఆరేలోపల, ఉత్త నీళ్ళలో నూరిన రంగుతో బొమ్మ పూర్తి చేయాలి. జిగురు కలపకూడదు. సున్నం ఆరుతూ ఆరుతూ రంగును తనలోకి పట్టేసుకుంటుంది. ఆరిపోయాక ఆ గోడ ఇక ఎవరి మాటా వినదు. ఏ పూటకు ఎంత మేర వేయగలమో అంత మేరకే ఉదయం పూత పూస్తాం. పని అంతా గడియారంతో పోటీ.

తిరుపతిలో శేషాద్రి సార్ నడిపే కార్ఖానాలో ఎనిమిదేళ్ళు పనిచేశాను. ఈ ఏడు అక్కడ ఇద్దరు కొత్తమ్మాయిలు చేరారు. "వైదేహీ, వాళ్ళకు నాలుగు మాటలు చెప్పమ్మా" అన్నారు సార్. తల ఊపి ఊరకున్నాను. వారం రోజులు చూసి, "సరే, నీ నోట్లోంచి రాదులే. రాసియ్యి" అన్నారు. అందుకని డైరీలు పక్కన పెట్టుకుని రాస్తున్నాను. ఏ గోడ ఎవరు ప్రారంభించారు, ఎవరు శాలువా కప్పారు అన్నవి వదిలేశాను. అవి మీకు పనికిరావు.

సున్నం ముందు, బొమ్మ తరువాత

మొదటి ఆరు నెలలు నేను కుంచె ముట్టలేదు. ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ చదివి వచ్చాను కదా, సంచిలో రెండు మంచి కుంచెలు తెచ్చుకున్నాను. మస్తాన్ మామ వాటిని వెలుతురులో పెట్టి చూసి, "ఇవి దేనికి పాపా? పెండ్లికూతురికి కాటిక పెట్టేదానికా?" అన్నాడు.

మస్తాన్ మామ మా పూత మేస్త్రి. చిత్తూరు మనిషి. వాళ్ళ తాత కాలం నుంచి సున్నం పనే. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, సున్నంతో రెండూ మాట్లాడతాడు. కాల్చిన సున్నపురాయి గుంతలో వేసి, నీళ్ళు పోసి, ఏడాదికి పైగా నానబెట్టేవాడు. పైన తేరిన నీళ్ళు తీసేసి కొత్త నీళ్ళు పోయడం నా పని. ఇసుక మూడుసార్లు జల్లించి, కడిగిన నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగడం నా పని. మధ్యాహ్నం నేను అన్నం డబ్బా తెరిస్తే, "చేతులు కడిగినావా? మళ్ళా కడుగు. సున్నానికి నీ అన్నం తెల్లదనమంటే గిట్టదు" అనేవాడు.

అప్పుడు నాకు అది అవమానంగా ఉండేది. కాలేజీలో నాతో చదివినవాళ్ళు బెంగుళూరులో కంప్యూటర్ల ముందు కూర్చుని బొమ్మలు వేస్తున్నారు, నేను ఇసుక కడుగుతున్నాను అని డైరీలో రాసుకున్నాను. ఇప్పుడు తిరిగి చదివితే నవ్వొస్తుంది. మీకు కూడా ఆరు నెలలు ఇసుక కడగమంటారు. కడగండి. బొమ్మ వేసే చెయ్యి ఎంత మంచిదైనా, కింద పూతలో సున్నం సరిగ్గా నానకపోతే, ఇసుక మురికిదైతే ఆ బొమ్మ మూడేళ్ళు ఉండదు.

నీలం రేకులు

నా మొదటి పెద్ద తప్పు వడమాలపేట దగ్గర ఒక సత్రంలో చేశాను. అన్నం పెట్టే హాలులో గోడకు నెమలి వేస్తున్నాం. నా చెయ్యి అప్పట్లో నిదానం. నెమలి మెడ దగ్గరికి వచ్చేసరికి పూత ఆరిపోయింది. మామూలుగా అయితే ఆ ముక్క కోసేసి మర్నాడు కొత్త పూత మీద వేయాలి. కానీ ఆ మాట మస్తాన్ మామకు చెప్పాలంటే నాకు సిగ్గు. సార్‌కు చెబితే, "మెడ ఒక్కటే కదమ్మా. కొంచెం జిగురు కలిపి వేసెయ్, ఎవరికి తెలుస్తుంది" అన్నారు. వేసేశాను. బాగానే కనిపించింది.

వానలు మొదలయ్యాక నీలం రంగు రేకులు రేకులుగా లేచింది. కింద బంతిలో కూర్చున్న ఒక పెద్దాయన ఆకులోకి చూసుకుని, "ఏమయ్యా, రసంలో నెమిలి పడిండాది, ఇది శాకాహారమేనా?" అన్నాడట. ఊరంతా నవ్వుకున్నారు. సత్రంవాళ్ళు నవ్వలేదు. పూత బాగలేదని మస్తాన్ మామను పిలిపించి, పదిమంది ముందు నానా మాటలు అన్నారు. సారూ నేనూ అక్కడే ఉన్నాం. మామ గోడ దగ్గరికి వెళ్ళి ఒక రేకును గోటితో గీకి వేళ్ళ మధ్య నలిపాడు. అది జిగురని ఆయనకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. మా ఇద్దరి వైపు ఒకసారి చూశాడు. సార్ కిటికీ వైపు తిరిగారు. నేను నేల చూశాను.

"తేమ ఎక్కువైనట్టుండాది సామీ. నాదే తప్పు" అన్నాడు మామ.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా వెనక సీట్లో కూర్చుని ఒకే మాట అన్నాడు. "నువ్వన్నా సెప్తావనుకుంటి పాపా."

ఆ రోజు డైరీలో మూడు పేజీలు రాశాను. ఆయనతో ఒక్క మాట చెప్పలేదు. ఆ తరువాత రెండేళ్ళు, చిత్తూరు చుట్టుపక్కల ఎవరూ సున్నపు పూతకు ఆయనను పిలవలేదు. మా కార్ఖానా ఒక్కటే ఆయనకు మిగిలింది.

ఇటలీవాళ్ళు ఏం చేశారు

శేషాద్రి సార్ బడిలో డ్రాయింగు మాస్టారుగా చేసి, ఆ తరువాత కార్ఖానా పెట్టారు. చెన్నై దాటి వెళ్ళింది లేదు. కానీ ఇటలీ అంటే ఆయనకు పిచ్చి. కార్ఖానా గోడల నిండా అక్కడి పాత బొమ్మల అచ్చులు అంటించి ఉంటాయి. "ఐదారు వందల ఏళ్ళ కిందట వాళ్ళు చేసిందే ఇప్పుడు మనం చేస్తున్నాం" అంటారు. మీకూ చెబుతారు. సగం నిజం. మిగతా సగం నేను లైబ్రరీలో కూర్చుని చదువుకున్నాను.

అక్కడ, అప్పటికే వెయ్యేళ్ళు దాటిన రోమువాళ్ళ శిల్పాలు నేలలో పడి ఉండేవి. ద్రాక్షతోట దున్నుతుంటే ఒక పాలరాతి చెయ్యి, బావి తవ్వుతుంటే ఒక మొండెం బయటపడేవి. అంతకుముందు జనం వాటిని పగలగొట్టి సున్నం కాల్చుకునేవాళ్ళు. తరువాత వచ్చిన చిత్రకారులు, శిల్పులు వాటిని కడిగి, కొలిచి, గీసుకున్నారు. మట్టిలో కూరుకుపోయిన ఒక పాత రాజభవనం గదుల్లోకి తాళ్ళు పట్టుకుని దిగి, దీపాలు ఎత్తి, గోడల మీద బొమ్మలు చూశారు. ఆ పూత ఎట్లా నిలిచిందో తెలియక, పాలరాతి పొడి కలిపి, సున్నం కలిపి, మళ్ళీ మళ్ళీ చేసి చూశారు.

రోమువాళ్ళు మనిషిని ముఖంతో కొలిచారు. గడ్డం నుంచి జుట్టు మొదలు దాకా ఒక ముఖం, అట్లాంటివి పది కలిస్తే మనిషి. మన శిల్పులూ ముఖంతోనే కొలుస్తారు. దాన్ని తాళం అంటారు. దేవతకు ఇన్ని తాళాలు, మనిషికి ఇన్ని అని లెక్క. ఇది మొదటిసారి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. కాగితాల మీద బొమ్మలను వేళ్ళతో కొల్చుకుంటూ కూర్చుంటే, అమ్మ వచ్చి లైటు తీసేసింది.

సార్ ఈ కొలతను పట్టుకున్నారు. "కొలత తప్పితే దేవుడు కాడు, బొమ్మ అవుతాడు" అనేవారు. కానీ చదివేకొద్దీ నాకు ఇంకొకటి తెలిసింది. ఇటలీవాళ్ళు పాత కొలతను తిరిగి తెచ్చుకున్నారు గానీ, దానికి దణ్ణం పెట్టి కూర్చోలేదు. కింద నిలబడి చూశారు. ఎత్తులో నిలిపే బొమ్మకు తల పెంచారు, ముఖం సాగదీశారు. కింది మనిషి కంటికి సరిగ్గా కనిపించాలంటే పైన కొలత తప్పాలి. వాళ్ళను మెచ్చుకునేవాళ్ళు ఈ సంగతి మాత్రం మర్చిపోతారు. మేమూ మర్చిపోయాం.

పూతలపట్టు గోడ

పూతలపట్టు దగ్గర మునిరత్నం అనే ఆయన కొత్తగా కల్యాణమండపం కట్టాడు. వేదిక వెనక గోడ మీద పద్మావతి అమ్మవారి పెళ్ళి వేయమని అడిగాడు. మొదట ఆయనకు ఫ్లెక్సు కొట్టించాలని ఉండేది. సార్ వెళ్ళి గంటసేపు ఇటలీ గురించి చెబితే, "సరే సార్, ఒక్క గోడ చేసి సూపించండి. బాగుంటే తక్కిన మూడు గోడలూ మీకే. బాగలేకుంటే దాని మీదనే ఫ్లెక్సు కొట్టిస్తా, ఏమనుకోవద్దు" అన్నాడు. మండపంలో మొదటి పెళ్ళి ఆయన చెల్లెలి కూతురిది. ముహూర్తానికి వారం ముందు వచ్చి గోడ చూస్తానన్నాడు.

మస్తాన్ మామ దీని కోసం గుంత అడుగున ఉన్న పాత సున్నం బయటికి తీశాడు. "ఈ గోడ నిలబడితే చిత్తూరులో నన్ను మళ్ళా పేరు పెట్టి పిలుస్తారు పాపా" అన్నాడు. ఇది ఆయనకు పేరు తిరిగి తెచ్చుకునే గోడ. ఆ పేరు ఎవరి వల్ల పోయిందో నాకు తెలుసు.

బొమ్మ మొత్తం ముందు కాగితాల మీద గీశాం. గీతల వెంట సూదితో పొడిచి, గోడకు అంటించి, బొగ్గుపొడి మూటతో తట్టితే చుక్కలు దిగుతాయి. ఇటలీలోనూ ఇట్లాగే చేసేవారు. చిత్తూరు బోర్డులు రాసేవాళ్ళూ ఇట్లాగే చేస్తారు. కార్ఖానా నేల మీద కాగితాలన్నీ పరిచి, అందరం చుట్టూ నిలబడి చూశాం. అమ్మవారు తాళం కొలతకు గింజంత తేడా లేకుండా ఉంది. చాలా బాగుంది.

నాకు మాత్రం లోపల ఒక అనుమానం మొదలైంది. నేల మీద బాగుంది సరే. అక్కడ అమ్మవారి పాదాలే మనిషి ఎత్తుకు రెండింతల పైన ఉంటాయి. చూసేవాళ్ళు వేదిక ముందు చాపల మీద కూర్చుంటారు. ఆ వారం డైరీలో నాలుగు రోజులు వరుసగా ఒకే వాక్యం ఉంది. "ఎత్తు సంగతి సార్‌ను అడగాలి." నాలుగు రోజులూ అడగలేదు.

పదకొండు గంటలకు

కార్తీకంలో పని మొదలుపెట్టాం. మిగతా బొమ్మంతా అయింది. చివరి రోజుకు అమ్మవారి ముఖం, భుజాలు మిగిలాయి. మర్నాడు ఉదయం మునిరత్నం వస్తాడు. తెల్లవారుజామున మామ పూత పూశాడు. గాలి తగలకుండా తలుపులన్నీ మూసి, తడి గోనెసంచులు వేలాడదీశాం. కొయ్యలు, పలకలతో కట్టిన సారువ మీద నేను ఒక్కదాన్నే కూర్చుని రంగు మొదలుపెట్టాను.

పదకొండుకల్లా ముఖం రంగు, జుట్టు, బొట్టు, ముక్కెర అయ్యాయి. కళ్ళు మిగిలాయి. దేవుడి బొమ్మకు కళ్ళు ఆఖరున తెరుస్తాం. అంతవరకు అది గోడే. కళ్ళు తెరిచాక అది అమ్మవారు. ఆ తరువాత దాని మీద ఎవరూ కత్తి పెట్టరు.

"పాపా, ఒక తూరి దిగి సూడరాదా" అన్నాడు మామ కిందనుంచి. గొంతు తేడాగా ఉంది.

దిగాను. చాపల మీద, పెళ్ళివాళ్ళు కూర్చునే చోట కూర్చుని తలెత్తి చూశాను. ముఖం అణిగిపోయి, వెడల్పుగా, గడ్డం మెడలోకి దిగబడి ఉంది. పైన అంత అందంగా ఉన్న మనిషి కింద నుంచి చూస్తే అలిగి కూర్చున్న పిల్లలా ఉంది.

అప్పుడే సార్ లోపలికి వచ్చారు. నిలబడి చూశారు. ఆయనకూ కనిపించింది. మొహంలో తెలిసింది.

"కొలత సరిగ్గానే ఉందమ్మా" అన్నారు.

"సరిగ్గానే ఉంది సార్."

"మరి?"

మామ నా వైపు చూస్తున్నాడు. సత్రంలో రేకు నలిపి మా వైపు చూసినప్పటి చూపు అది.

"పైకెక్కి కళ్ళు తెరిచెయ్" అన్నారు సార్. "కళ్ళు పడితే కళ వస్తుంది. గడ్డం కింద నీడ రేపు ఆరినాక కొంచెం జిగురుతో సర్దుదాం. ఆయన ఉదయం తొమ్మిదికి వస్తాడు."

"కొయ్యాల సార్" అన్నాను.

సార్ విననట్టు, "ఏమిటీ?" అన్నారు.

"ముఖం కొయ్యాల. కళ్ళు తెరిస్తే ఇంక ఎవరూ కొయ్యరు. ఇప్పుడే కొయ్యాల."

ఎనిమిదేళ్ళలో నేను ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. పెద్ద ధైర్యమేమీ కాదు. ఇంకొక క్షణం ఆగితే పైకెక్కి కళ్ళు తెరిచేస్తానని నా మీద నాకే భయం వేసి మాట్లాడాను.

"పదకొండున్నరైంది. మళ్ళీ పూసి, మళ్ళీ వేసి, ఆరేలోపల అవుతుందా? కాకపోతే రేపు ఆయనకు ఏం చూపిస్తాం, తల లేని అమ్మవారినా?" సార్ గొంతు పెరిగింది. "నేను కొయ్యమని చెప్పను. నీ ఇష్టం." వెళ్ళి వేదిక మెట్ల మీద అటు తిరిగి కూర్చున్నారు.

నేను మామకు తాపీ ఇవ్వబోయాను. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నన్ను అడగొద్దు పాపా. నేను సాయిబును. అమ్మవారి ముఖం మస్తాన్ కోసినాడని రేపు ఎవురన్నా ఒక్క మాటంటే, నేను యాడికి పోయేది? నువ్వు కొయ్యి. ఎంత మంచి పూత కావాలో సెప్పు, పూస్తా. కోసేది మాత్రం నీ సెయ్యే."

నిజమే. నేను పైకెక్కాను. ఆయన పాత తెల్లపంచె తడిపి అందించాడు. "కింద పడనీయొద్దు. తొక్కుతాం. దీంట్లో పట్టు. రేపు పారే నీళ్ళలో కలుపుదువు."

నగల అంచు వెంట, దండ అంచు వెంట, తాపీ వాలుగా పట్టి కోశాను. తడి పూత మెత్తగా ఊడి వచ్చింది. ముక్కెర, బొట్టు, పెదవులు ముక్కలు ముక్కలుగా పంచెలో పడ్డాయి. మా ఇంట్లో రోజూ ఉదయం అమ్మవారికి పూలు పెట్టే చేతులు ఇవే. ఏ శ్లోకమూ గుర్తు రాలేదు. "కళ్ళు తెరవలేదు, ఇంకా తెరవలేదు" అని మాత్రం అనుకుంటూ కోశాను.

కాగితం ముక్కలు

కొత్తగా గీసే సమయం లేదు. సూదితో పొడిచిన పాత కాగితాన్ని అడ్డంగా మూడు ముక్కలు చేశాను. నుదురు, ముక్కు, గడ్డం. నేను కిందికి దిగి చాప మీద కూర్చున్నాను. మామ సారువ మీద నిలబడి, ఒక పలకను గోడకు ఆనించి, దాని మీద ఆ ముక్కలు పట్టుకున్నాడు.

"కిందికి మామా! గడ్డం ఇంకా కిందికి!"

"ఇంతా?"

"ఇంకా! ఒక వేలు! కాదు, ఎక్కువైంది, పైకి!"

"ఏం పాపా, ఈ గొంతు ఇన్నాళ్ళు యాడ దాపెట్టినావు?" అన్నాడు పైనుంచి.

మెట్ల మీద కూర్చున్న సార్ తల తిప్పారు. కొంచెంసేపటికి వచ్చి నా పక్కన చాప మీద కూర్చున్నారు. "ముక్కు కూడా దించాలి. గడ్డం ఒక్కటే దించితే గుర్రం అవుతుంది" అన్నారు. ముక్కు దించాం. పలక మీద దగ్గరినుంచి చూస్తే అది ముఖమే కాదు, సాగదీసిన గుమ్మడిగింజ. కింది నుంచి మాత్రం పెళ్ళికూతురు. కొలత ప్రకారం అది తప్పు. ఆ తప్పును సార్ తన చేత్తో పెన్సిలుతో గుర్తు పెట్టి ఇచ్చారు. ఈ ఒక్క పనికి ఆయన మీద నాకు ఎప్పటికీ గౌరవం ఉంటుంది.

ఒంటిగంటకు మామ పూత మొదలుపెట్టాడు. పూశాక అది కాస్త బిగిసేదాకా గంట ఆగాలి. మాకు అంత సమయం లేదు. పాత పూత, కొత్త పూత కలిసే అతుకు దగ్గర బాగా నొక్కాలి. ఆయన కింద కొత్త సున్నం కలుపుతున్నాడు కదా అని నేనే తల వెనక్కి వాల్చి, పైఅంచు తాపీతో నొక్కాను. చెమ్చాడు సున్నం జారి నా కుడి కంట్లో పడింది.

నిప్పు పడినట్టు అయింది. పక్కన గిన్నెలో కుంచెలు కడిగే నీళ్ళున్నాయి. వాటితోనే రెండుసార్లు కడుక్కున్నాను. ఆ నీళ్ళలోనూ సున్నమే. మంచినీళ్ళు కింద ఉన్నాయి. దిగాలంటే ఏమైందో చెప్పాలి. చెబితే పని ఆపేస్తారు. ఆపితే పూత ఆరిపోతుంది. ఇంతా కోసి, ఇప్పుడు ఆపడమా? చీర కొంగు తడిపి కంటికి అద్దుకుని, రంగు మొదలుపెట్టాను.

మధ్యలో మామ, "ఏం పాపా, కన్ను ఎర్రగుండాది?" అన్నాడు. "చెమట" అన్నాను.

సాయంత్రం ఐదున్నరకు అమ్మవారి కళ్ళు తెరిచాను. సార్ నా వెనక నిలబడి దీపం ఎత్తి పట్టుకున్నారు. అప్పటికి నాకు కుడి కన్ను తెరుచుకోవడం లేదు. ఎడమ కంటితో చూసి, ఎడమ కనుపాప, తరువాత కుడి కనుపాప పెట్టాను. పూత ఇంకా తడిగానే ఉంది. రంగు పట్టింది.

దిగాను. కంటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. సార్ చాప మీద కూర్చుని గోడనే చూశారు. "జుట్టు పక్కన అతుకు తెలుస్తోంది" అన్నారు. అంతే. లేచి చెప్పులు వేసుకున్నారు.

ఇంటికి చేరేసరికి వాపుతో మొహం సగం మూసుకుపోయింది. నాయన వెంటనే ఆటో పిలిచాడు.

ఆసుపత్రిలో

సున్నం పడిన వెంటనే మంచినీళ్ళతో అరగంటకు పైగా కడిగి, అట్లాగే తీసుకొచ్చి ఉంటే చూపు చాలావరకు మిగిలేదని డాక్టరమ్మ చెప్పింది. పని అయ్యేదాకా నాలుగు గంటలు, ఇల్లు చేరేదాకా ఇంకో రెండు గంటలు ఆలస్యం చేశాను. ఇప్పుడు ఆ కంటికి వెలుతురు, చీకటి మాత్రమే తెలుస్తాయి. ఒక కంటితో చూస్తే పలక ఎక్కడ ఆగుతుందో, గాలి ఎక్కడ మొదలవుతుందో తెలియదు. ఇక సారువ ఎక్కొద్దని రాసిచ్చింది. నా ఉద్యోగ విరమణ పత్రం అదే.

మూడో రోజు మస్తాన్ మామ వచ్చాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, మునిరత్నం గోడ చూసిన సంగతి చెప్పాడు.

"వచ్చినాడు. చాప మీద కూర్చోబెట్టినాం. ఒక నిమిషం సూసినాడు. 'బాగుండాది సార్, తక్కిన గోడలు కూడా కానీండి' అనినాడు. ఆ ఎనకనే, 'ఈడ ఏసీ పెడితే రంగు పోతాదా?' అని అడిగినాడు."

"ముఖం గురించి ఏమన్నాడు?"

"ఏమీ అన్లే. ముఖం ముఖం మాదిరిగా ఉంటే ఎవురేమంటారు పాపా? పోతా పోతా నన్ను పిలిచి, 'మేస్త్రీ, నీ పేరేంది' అని అడిగినాడు. ఫోను నెంబరు కూడా రాసుకున్నాడు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. గొంతు తగ్గించాడు గానీ, అది కోపమే.

"సార్ సెప్పినాడు, డాక్టరమ్మ సెప్పినాది. ఒంటిగంటకే పడిందంట గదా. నేను అడిగితే చెమట అంటివే."

నేను దుప్పటి చూశాను.

"పని ఆగిపోతాదనా? గోడ ఒకసారి కోస్తివి, నేను మళ్ళా పూస్తినా లేదా? ఇంకొకసారి కోసుంటే ఇంకొకసారి పూసుండనా? మునిరత్నాన్ని కాళ్ళు పట్టుకోనైనా ఒక దినం ఆపుంటాం. ఫ్లెక్సు కొట్టుకోనీ, నా పేరు పోనీ, ముందు పోలేదా? గోడ కోసరం సార్ ముందర నోరు తెరిస్తివి. బలే అనుకుంటి నేను. నీ కంటి కోసరం తెరవకపోతివే."

ఆయన పైపంచెతో మొహం తుడుచుకున్నాడు. నర్సు వచ్చి, సమయం అయిందంటే లేచి వెళ్ళాడు.

కొత్తగా చేరిన మీ ఇద్దరిలో ఒకరు నాలాగే మాట్లాడరని సార్ చెప్పారు. ఆ అమ్మాయికి ఒక సంగతి చెప్పాలి. ముఖం కోసినందుకు నేను ఎప్పుడూ బాధపడలేదు. ఇప్పుడు మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ కోస్తాను. దాని తరువాత చేసిందే తప్పు. పూతలపట్టు వెళితే అమ్మవారి ముఖం చూడండి, చాప మీద కూర్చుని చూడండి, బాగుంటుంది. అది నా కంటికి సాటి రాదు. ఏ గోడా రాదు. త్యాగం, అంకితభావం అని ఎవరైనా మీ ముందు నన్ను మెచ్చుకుంటే నమ్మొద్దు. నేను ఆ మధ్యాహ్నం త్యాగం చేయలేదు. నోరు తెరిచి చెప్పడానికి సిగ్గుపడ్డాను.

"కంట్లో సున్నం పడింది మామా." నాలుగు మాటలు. సారువ మీద నుంచి చాప దాకా వినిపించేంత గొంతు అప్పటికే నాకు వచ్చింది, గడ్డం దించు, ముక్కు దించు అని గంటసేపు అరిచాను కూడా. ఆ నాలుగు మాటలు మాత్రం కిందికి దించలేకపోయాను.